భరిణె మూతంత గురి

ఈ దేశంలో ఎంత గట్టిగా ప్రయాణం చేసినా గంటన్నరలో సముద్రం అడ్డొస్తుంది. అందుకే, యాత్ర గురించి రాస్తున్నానంటే యీషున్ ఫ్లాట్‌లో నా రూమ్మేట్ నవ్వాడు. నవ్వనీ. వాడు పోయిన ఆదివారం మంచం మీంచి ఫ్రిజ్ దాకా వెళ్లొచ్చాడు. నేను రైలెక్కి, బస్సెక్కి, నాలుగు మతాల శ్మశానాలు దాటి, ఒక జింక ప్రాణం మీద జరిగిన పందెం చూసొచ్చాను. ఆ జింక న్యూజిలాండ్‌లో ఉంది. దానికి ఈ సంగతి ఇంకా తెలియదు.

ఈ యాత్రకు మూలకారకులు మూర్తి అంకుల్. మాకు చుట్టం కాదు. సింగపూర్‌లో మనకంటే పదేళ్లు పెద్దయిన ప్రతివాళ్లూ అంకులే. ఈయన ముప్పై అయిదేళ్లు పెద్ద కాబట్టి మూడున్నర రెట్లు అంకుల్. కాకినాడ నుంచి కుర్రాడిగా వచ్చి, తంజోంగ్ పగార్ రేవులో క్రేన్ల ఇంజనీరుగా పనిచేసి, రేవు అక్కణ్ణుంచి లేచిపోయే రోజుల్లో రిటైరయ్యి, వరలక్ష్మి ఆంటీతో సెరంగూన్‌లో కాండో అనే ఖరీదైన టవర్ల ఫ్లాట్‌లో ఉంటున్నారు. నేను ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. దేనిమీద అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మీరూ అడగొద్దు. ఆదివారాలు వాళ్లింట్లో భోంచేస్తాను. ఆ భోజనానికి అద్దె, అంకుల్ చెప్పేది వినడం.

రెండేళ్ల కిందట అంకుల్ గుండెలో స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి బిల్ ఫోన్ చేశాడు. బిల్ అంటే రేవులో ఆయనతో కలిసి పనిచేసి, ఇప్పుడు న్యూజిలాండ్ కొండల్లో గొర్రెలు పెంచుకుంటున్న మనిషి. "ఒకసారి రా, జింకల వేటకు వెళ్దాం" అన్నాడట. అక్కడ జింకలు విపరీతంగా పెరిగిపోయి, కాల్చిపెట్టండి బాబూ అని సర్కారే అడుగుతుందట. లోకంలో మర్యాదకు పిలిచే పిలుపులు కొన్ని ఉంటాయి. వాటిని నమ్మి సంచి సర్దుకునేవాళ్లూ ఉంటారు. డాక్టర్ని అడిగితే "కొండెక్కొచ్చు, బరువు మొయ్యకూడదు" అన్నాడు. ఆ మాటలో మొదటి సగాన్ని అంకుల్ పట్టుకున్నారు, రెండో సగాన్ని ఆంటీ పట్టుకుంది. ఇద్దరికీ సంధి కుదర్చగల వస్తువు ఒక్కటే కనిపించింది అంకుల్‌కి. తేలికపాటి రైఫిల్.

అలా, నలభై టన్నుల పెట్టెల్ని గాల్లో ఆడిస్తూ బతికిన మనిషి గ్రాముల దగ్గరికి దిగారు.

ఏడాది పాటు నాకు పప్పన్నంలో రైఫిల్ కలిపి వడ్డించారు. భోజనాల బల్ల మీద ఫోన్ నిలబెట్టి గడ్డాలవాళ్ల వీడియోలు పెట్టేవారు. ఈ విద్యలో గడ్డం ఎంత పొడుగైతే తుపాకీ అంత తేలిగ్గా ఉండాలని నియమం ఉన్నట్టుంది. ఒక గడ్డం మరలు టైటానియంవి వెయ్యమంటుంది. ఇంకో గడ్డం బోల్టుకు చిల్లులు పొడిపించమంటుంది, జంతికల గొట్టంలాగా. మూడో గడ్డం, పెద్ద స్కోప్ కొన్నవాడు మూర్ఖుడని తేల్చి, తన పెద్ద స్కోప్ తుడుచుకుంటూ ఉంటుంది. చివరికి పెన్సిల్లాంటి సన్న గొట్టం, లోపల బోలుగా ఉండే కార్బన్ ఒళ్లు, చిన్న స్కోప్ ఖాయమయ్యాయి.

"మూడొందల గ్రాములు తగ్గాయి రా, కిరణ్!" అన్నారొక రోజు గద్గదంగా. అప్పుడాయన చేతిలో రెండో గిన్నె పాయసం ఉంది.

ఈ దారిన వెళ్లదలచినవాళ్ల కోసం ఒక నిజం చెప్పాలి, గడ్డాలవాళ్లు దీన్ని నసుగుతూ దాటేస్తారు. తుపాకీ బరువు తగ్గినకొద్దీ అది తన్నే తన్ను పెరుగుతుంది. బరువైనది సగం తన్ను తనే మింగుతుంది. తేలికది మొత్తం మీకే వడ్డిస్తుంది. కొండ మీద మొయ్యడానికి హాయి, కాల్చడానికి గాడిద. అందుకని ఒంటికి సరిపోయేలా అమర్చుకోవడం ముఖ్యం. మోచెయ్యి మడిచి, తుపాకీ మడమ ఆ మడతలో ఆనిస్తే, చూపుడువేలు మీట మీదికి సుఖంగా చేరాలి. చేరకపోతే మీరు దాన్ని కాల్చరు, కావలించుకుంటారు.

ఇక్కడ తుపాకీ ఇంటికి రాదు. లైసెన్సు మీ పేరున ఉంటుంది, తాళం షూటింగ్ క్లబ్బు దగ్గర ఉంటుంది, అత్తారింటి బీరువాలో కోడలి నగల్లాగా. అందుకని అంకుల్ కొలతలన్నీ ఇల్లు తుడిచే మాప్ కర్రతో తీసుకున్నారు. హాల్లో నిలబడి దాన్ని భుజానికెత్తి, కన్ను మూసి, గోడ మీద బల్లికి గురిపెట్టేవారు. ఎదురు టవర్లో ఒక చైనా ఆవిడ కర్టెన్లు వేసేసుకుంది. ఇప్పటికీ తియ్యలేదు.

రైఫిల్ వచ్చిన రోజు ఆంటీతో పాటు నేనూ క్లబ్బుకు వెళ్లాను. మొదటి తూటాకే అది వెనక్కి తన్ని, స్కోప్ అంచు అంకుల్ నుదుట అర్ధచంద్రాకారంలో చీరింది. సాక్షాత్తూ శివుడిలా ఉన్నారన్నాను. ఆంటీ నవ్వలేదు. క్లబ్బులో తుపాకుల గది చూసుకునే గో గారు, అరవై దాటిన పలుచని మనిషి, స్కోప్‌ని రెండు వేళ్ల దూరం ముందుకు జరిపి బిగించారు. ఆ తర్వాత అంకుల్ నాకొక గారడీ చూపించారు. జేబులోంచి రెండు డాలర్ల నోటు తీసి, గొట్టానికీ దాని కింద ఉండే దొప్పకీ మధ్య సందులో దూర్చి, ఆ చివర నుంచి ఈ చివరికి సర్రున లాగారు. ఎక్కడా తగల్లేదు.

"చూశావా? గొట్టం దేన్నీ తాకకూడదు. గాల్లో ఉండాలి. ఇది పెన్సిలంత సన్నం కదా, వేడెక్కేటప్పుడు ఏదైనా ఒకచోట తాకిందనుకో, ఒక్కో తూటా ఒక్కో దిక్కు పోతుంది. దీనికోసమే అంత పోశాను రా."

ఆ గారడీ గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మర్చిపోయాను.

దసరాకు ఆంటీ ఆయుధపూజ చేస్తానంది. ఇన్నాళ్లూ ఆవిడ పూజించిన ఆయుధాలు కత్తిపీట, కారు, మిక్సీ. ఈసారి ఇంట్లో అసలైన ఆయుధం ఉంది, అంటే ఇంట్లో లేదు, క్లబ్బులో ఉంది. తాంబాళంతో క్లబ్బుకే వచ్చింది. కర్పూరం వెలిగించడానికి వీల్లేదన్నారు గో గారు. కొబ్బరికాయ కొట్టడానికీ వీల్లేదన్నారు. చివరికి గంధం బొట్టు పెట్టి, పసుపు దారంతో పసుపు కొమ్మును తుపాకీ నడుముకు తొమ్మిది చుట్లు చుట్టి, గట్టిగా ముడేసింది. "మీరు అక్కణ్ణుంచి క్షేమంగా తిరిగొచ్చేదాకా ఇది విప్పకూడదు" అని అంకుల్ చేత మాట కూడా తీసుకుంది.

అయినా ఆవిడకు ధైర్యం చాల్లేదు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ నిద్ర తగ్గింది. మూడు వారాల్లో విమానం అనగా, అన్నం వడ్డిస్తూ తేల్చేసింది.

"అబ్బాయ్, నువ్వే సాక్షివి. రేపు ఆదివారం ఈయన మూడు తూటాలు కాలుస్తారు. మూడూ నా కుంకుమ భరిణె మూత కింద పట్టాలి. గురి తప్పని మనిషైతే పని చూసుకుని తొందరగా కొండ దిగుతారు, వెళ్లమను. లేదూ, దెబ్బతిన్న జంతువు వెంట లోయలన్నీ పట్టుకు తిరిగే రకమైతే ఆ గుండెతో వద్దు. తుపాకీ అమ్మేసి, శనివారం నుంచి టాయ్ చీ."

టాయ్ చీ అంటే వాళ్ల దగ్గరి కమ్యూనిటీ క్లబ్బులో వృద్ధుల క్లాసు. అందరూ ఒకే రంగు టీషర్టు వేసుకుని, కనిపించని పనసపండును నెమ్మదిగా అటూ ఇటూ మోస్తారు. అంకుల్ ఆ క్లాసు పక్కనుంచి నడవాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్తారు.

"ఎన్ని అవకాశాలు?" అన్నారు అంకుల్, బేరానికి కూర్చున్నట్టు.

"మూడు విడతలు. అంతకంటే నా వల్ల కాదు."

ఆదివారం ఏడున్నరకు యీషున్ స్టేషన్లో ముందు నుంచి మూడో పెట్టె ఎక్కాను. సెరంగూన్ నుంచి వచ్చేవాళ్లు బిషాన్‌లో మారి ఇదే రైల్లో వస్తారు కాబట్టి అక్కడే కలుద్దామనుకున్నాం. ఆంటీ కిటికీ పక్కన పులిహోర డబ్బాతో కూర్చుని ఉంది. అంకుల్ ఖాళీ సీట్ల మధ్య వీపున సంచితో నిటారుగా నిలబడి ఉన్నారు.

"కూర్చోండి అంకుల్."

"కొండ మీద సీట్లుంటాయా?"

"సంచిలో ఏముంది?"

ఆంటీ చెప్పింది. "అయిదు కిలోల బియ్యం. ప్రాక్టీసట. రోజూ వాటిని వాకింగ్‌కి తీసుకెళ్తున్నారు. వండుకునే బియ్యం అబ్బాయ్ అవి! ఇంట్లో వేరే గింజ లేదు."

బరువు మొయ్యలేనని మూడొందల గ్రాముల కోసం ఏడాది తపస్సు చేసిన మనిషి అయిదు కిలోలు మోస్తూ రైల్లో నిలబడ్డారు. ఇదేం లెక్క అని అడిగాను. "నీకర్థం కాదులే" అన్నారు. పరిశోధకుడిగా ఆ జవాబు నాకు అలవాటే, మా ప్రొఫెసరూ ఇదే చెబుతాడు.

రైలు ఉత్తరాన వుడ్‌లాండ్స్ చుట్టూ తిరిగి పడమటికి దిగుతుంది. కిటికీలోంచి ఒకే ఫ్లాటు పదివేలసార్లు కనిపిస్తుంది. ప్రకృతి వర్ణన అయిపోయింది. క్రాంజీ దగ్గర ఎక్కిన ఒక చైనా తాతగారు అంకుల్ సంచి చూసి, పాపం ప్రయాణం మీద ఉన్నారనుకున్నట్టున్నారు.

"హాలిడే ఆ?"

"హంటింగ్" అన్నారు అంకుల్.

తాతగారు పులిహోర డబ్బా వైపు చూసి, అర్థమైనట్టు తలూపారు. "గుడ్, గుడ్. సండే మార్కెట్ మస్ట్ గో అర్లీ."

చోవా చూ కాంగ్‌లో దిగి కాఫీ తాగాం. ఆంటీ ముందు వెళ్లి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసింది, అంటే మనం బస్సులో రుమాలేసి సీటు పట్టడం. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే ఈ హాకర్ సెంటర్లో ఆ ప్యాకెట్ ఉన్న బల్ల దగ్గరికి కోటీశ్వరుడు కూడా రాడు. ఈ దేశంలో నేను చూసిన అత్యంత తేలికైన ఆయుధం అదే, లైసెన్సు కూడా అక్కర్లేదు. కాఫీ డాలరున్నర లోపే. అంకుల్ తాగలేదు, చెయ్యి వణుకుతుందట.

అక్కణ్ణుంచి బస్సు. డబుల్ డెక్కర్ పైన ముందు సీట్లలో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు కూరగాయల సంచులతో కూర్చుని ఉన్నారు. జగిత్యాల దగ్గరివాళ్లట, షిప్‌యార్డులో పని, సెలవు రోజు సామాన్లు కొనుక్కుని డార్మిటరీకి పోతున్నారు. ఎక్కడికని అడిగితే ఆంటీ ఉన్న సంగతి చెప్పేసింది.

"జింకనా?" అన్నాడు ఒకడు. "గంత దూరం పోయి ఒక్క జింకనా సార్? మా దిక్కు రాండ్రి. అడివి పందులు మందకు మంద మక్క చేన్ల పడ్తయ్."

"మీవాళ్లు దేంతో కొడతారు?" అంకుల్ ముందుకు వంగారు.

"కొట్టుడు లేదు సార్, కేసైతది. మా నాయిన ఖాళీ నూనె డబ్బా కొట్టుకుంట తిరుగుతడు, ఉరుకుతయ్."

రెండోవాడు ఆలోచించి కలిపాడు. "డబ్బా అయితే ఇంక అల్కగుంటది సార్."

తేలిక కోసం జరిగిన ఏడాది పరిశోధన మీద ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు. అంకుల్ మిగిలిన దారంతా కిటికీలోంచి చూశారు. కిటికీలో శ్మశానాలు వచ్చాయి, ఒకదాని తర్వాత ఒకటి, చైనావాళ్లవి, ముస్లింలవి, క్రైస్తవులవి, మనవాళ్లవి. ఆంటీ కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. "శకునం మంచిదే ఆంటీ, అందరూ నిశ్శబ్దంగా గురి చూస్తున్నారు" అన్నాను. మోచేత్తో పొడిచింది.

పదింటికి క్లబ్బు చేరాం. గేటు, సంతకాలు, గుర్తింపు కార్డులు, మళ్లీ సంతకాలు. గో గారు గదిలోంచి రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టారు. నల్లగా, సన్నగా, సొరకాయ కంటే కాస్త బరువుగా, మీద పసుపు దారంతో, కొత్తగా పెళ్లయినదానిలా ఉంది.

"అదే దారం కదా?" అంది ఆంటీ.

"అదే. ఎవరూ తాకలేదు" అన్నారు అంకుల్ గర్వంగా.

గో గారు దారం వైపు చూశారు. ఏదో అనబోయి, చెవులకు పెట్టుకునే డిప్పలు తెచ్చిచ్చారు.

వంద మీటర్ల దూరంలో తెల్లకాగితం. అంకుల్ బల్ల ముందు కూర్చుని, దొప్ప కింద ఇసుక సంచి సర్దుకుని, ఊపిరి తీసి, సగం వదిలి, కాల్చారు. శబ్దం డిప్పల్లోంచి కూడా పళ్లకు తగిలింది. మొదటిది దాదాపు నడిమికి. రెండోది పైకి. మూడోది పైకీ కుడికీ, అసలు వేరే కాగితం కోసం బయల్దేరినట్టుగా.

గో గారు కాగితం తెచ్చారు. ఆంటీ చేతిసంచిలోంచి మూత తీసింది. ఏటికొప్పాక లక్క భరిణె, ఎరుపూ పసుపూ గీతలు, మూత రెండంగుళాలకు కొంచెం ఎక్కువ. కాగితం మీద ఇలా జరిపింది, అలా జరిపింది.

"ఒకటి" అంది.

"తేమ" అన్నారు అంకుల్. "ఈ గాలిలో తేమ ఎక్కువ."

గొట్టం చల్లారేదాకా ఆగాలి. సన్న గొట్టాలకు ఇదొక రాజభోగం, మూడు తూటాలకే విశ్రాంతి అడుగుతాయి. బియ్యం మోసినందువల్ల భుజం అదురుతోందని కనిపెట్టి, అంకుల్ ఆ సంచి నా వీపుకు తగిలించారు. రెండో విడత కాల్చారు. మొదటిది నడిమి పక్కన. రెండోది దాని పైన. మూడోది మలేషియా వైపు వెళ్లింది.

"రెండు" అంది ఆంటీ.

ఈసారి అంకుల్ తేమ అనలేదు. స్కోప్ మరలు చూశారు, బిగువుగానే ఉన్నాయి. తూటాల పెట్టె తిప్పి చూశారు. అరచేతులు తుడుచుకున్నారు. అప్పటిదాకా ఈ మనిషి నాకు ఆదివారం వినోదం. ఇప్పుడు ఆ అరచేతుల్ని ప్యాంటుకు తుడుచుకుంటూ, లేవకుండా కూర్చుని, అరవై ఒక్కేళ్ల మనిషిలా ఉన్నారు. అంతకుముందెప్పుడూ ఆయన్నలా చూడలేదు. నాకు నచ్చలేదు కూడా.

ఆంటీ గెలుస్తోంది కదా, సంతోషంగా ఉండాలి. పులిహోర డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది. "టీషర్టు సైజు అడుగుతారట. మీది ఎల్లా, ఎక్స్‌ఎల్లా?" అంది, ఎటో చూస్తూ.

"ఏదైనా ఒకటే" అన్నారు అంకుల్.

భరించలేకపోయాను. నాకు వచ్చిన విద్య వెటకారం ఒక్కటే, అదే వాడాను. "అంకుల్, ఎలాగూ అమ్మేస్తున్నారు కదా, ఆ నోటు గారడీ చివరిసారి ఒకసారి చూపించండి. కొనేవాడికి నేను చూపించాలి."

ఆయన విసుగ్గా జేబులోంచి రెండు డాలర్లు తీసి, గొట్టం కింద చివరన దూర్చి లాగారు. నోటు సర్రున జరిగి, నడుమ దాకా వచ్చి, ఆగింది.

మళ్లీ లాగారు. ఆగింది. ఆగిన చోట పసుపు దారం ఉంది. దారం కింద, గొట్టానికీ దొప్పకీ మధ్య సందులో సరిగ్గా, ఎవరో కొలత పెట్టి కోసినట్టు, పసుపు కొమ్ము ఇరుక్కుని ఉంది. తొమ్మిది చుట్లు. ఎండి కొయ్యయింది.

అంకుల్ నోటును వెనక్కి లాక్కున్నారు.

"ఐ సీ ఆల్రెడీ" అన్నారు గో గారు నెమ్మదిగా. "లాంగ్ టైమ్ ఆల్రెడీ."

"చూసి చెప్పలేదా?" అన్నాను.

"రిలీజియస్ థింగ్, మా. హౌ టు సే?" ఆయన నిజంగానే బాధపడ్డారు. ఇక్కడ ఒకరి దేవుడి గురించి ఇంకొకరు నోరెత్తరు. ఆ మర్యాద వల్ల ఈ దేశం ప్రశాంతంగా ఉంది, మా తూటాలు మాత్రం తలో దిక్కూ పోయాయి.

"అంకుల్, మీరు కళ్లారా చూశారు కదా, ఆంటీ కడుతుంటే?"

"చూశాను." ఆయన నోటు మడతపెడుతున్నారు, విప్పుతున్నారు. "ఇనప తాడులో ఒక్క పోగు తెగినా క్రేన్ ఆపేసేవాణ్ణి. దీన్ని మాత్రం... ఆవిడ కట్టింది కదరా. రైఫిల్లో భాగంగా చూడలేదు. అది ఆవిడది."

మూడొందల గ్రాములు తగ్గించిన లెక్కలో కూడా దీన్ని కలపలేదన్నమాట. మన ఇంజనీర్లంతా ఇంతే. కొత్త కారు చక్రం కింద నిమ్మకాయ పెడుతున్నప్పుడు వాళ్లలో ఇంజనీరు బయటికెళ్లి నిలబడతాడు.

ఇప్పుడు అందరం ఆంటీ వైపు చూశాం. ఆవిడ చెయ్యాల్సిందేమీ లేదు. తిరిగొచ్చేదాకా విప్పకూడదని మాట తీసుకుంది. దారం ఉంటే మూడో విడతా పోతుంది. పందెం ఆవిడది, అంకుల్ ఇంట్లో ఉంటారు.

ఆ మాట అంకులే అనేశారు. "వద్దులే వరం. మాటంటే మాటే. కట్టింది కట్టినట్టే ఉండనీ. కాల్చేస్తాను, అయిపోతుంది." రైఫిల్ వైపు చెయ్యి చాచారు.

"ఆగండి" అంది ఆంటీ. దారం మీద వేలు పెట్టింది.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆంటీ, శాస్త్రం ప్రకారం ఒక సందేహం. రక్ష ఎవరికి కట్టారు? అంకుల్‌కా, జింకకా?"

"అదేం ప్రశ్న? ఆయనకే."

"మరి గొట్టం చివర ఉండేది జింక కదా. అంకుల్ ఉండేది మడమ వైపు. భుజానికి తగిలేది అదే, గుండె పక్కన ఉండేదీ అదే. మీరు తొమ్మిది చుట్లు వేసి నెలరోజులుగా జింకను కాపాడుతున్నారు."

ఆంటీ నన్ను పరీక్షగా చూసింది. వెటకారమేనని తెలుసు. అయినా అందులో తప్పు వెతికి, దొరక్క, కుర్చీ దగ్గరికి లాక్కుంది. గో గారు కత్తెర తెచ్చారు.

"కొయ్యకూడదండీ గో గారూ" అంది తెలుగులోనే. ఆయనకు అర్థమైంది, కత్తెర వెనక్కి పెట్టేసుకున్నారు.

ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. గోళ్లు పచ్చబడ్డాయి. తొమ్మిది చుట్లూ విప్పి, కొమ్మును కళ్లకద్దుకుని, అదే దారంతో మడమ పక్కన భుజం పట్టీ తగిలించే కొక్కేనికి కట్టింది. మధ్యలో ఒకసారి, తల ఎత్తకుండానే, "అక్కడ చలెంత ఉంటుంది?" అని అడిగింది. అంకుల్ జారుతున్న దారం కొసను వేలికి చుట్టి పట్టుకున్నారు. ఏడాదిగా జవాబులు తప్ప ఏమీ చెప్పని మనిషి.

నోటు మళ్లీ దూర్చారు. సర్రున వెళ్లిపోయింది.

మూడో విడత. ఒకటి. చాలాసేపటికి రెండు. ఇంకా చాలాసేపటికి మూడు. గో గారు కాగితం తీసుకొస్తుంటే దూరం నుంచే మూడు చిల్లులూ ఒక దగ్గర కనిపించాయి. కాకపోతే మూడోది కాస్త ఎడంగా ఉంది.

ఆంటీ మూత పెట్టింది. రెండు లోపల, మూడోది సగం బయట. కొంచెం జరిపింది. మూడోది లోపలికొచ్చింది, మొదటిది సగం బయటికొచ్చింది. అంకుల్ బల్ల దగ్గరే, వెనక్కి తిరగకుండా కూర్చుని ఉన్నారు. ఆంటీ ఇంకొంచెం జరిపి, మూతను అక్కడే చేత్తో అదిమిపట్టింది. వేళ్ల సందులోంచి నాకు చిల్లు అంచు కనిపిస్తూనే ఉంది. ఆవిడ నావైపు చూసింది. సాక్షిని కదా. నా నోట్లో ఒక జోకు తయారుగా ఉంది. మింగాను. వేడిగానే దిగింది.

"పట్టాయి" అంది ఆంటీ, వెనక్కి తిరిగి. "మూడూ."

"లైన్ టచింగ్, కౌంట్" అన్నారు గో గారు అటు చూడకుండానే.

అంకుల్ లేచి వచ్చి కొలుస్తారేమోనని భయపడ్డాను. గ్రాములు కొలిచిన మనిషి. కొలవలేదు. వచ్చి మూత వైపు, ఆవిడ చేతి వైపు చూసి, "సరే" అన్నారు. తర్వాత అక్కడే సిమెంటు బెంచీ మీద నలుగురం పులిహోర తిన్నాం. గో గారు రెండుసార్లు వేయించుకున్నారు. ఎండుమిరపకాయ కొరికి, ఈసారి మతం సంగతి మర్చిపోయి, తన దేవుణ్ణి గట్టిగానే తలుచుకున్నారు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండున్నరకు. బస్సులో శ్మశానాలు ఈసారి కుడిపక్క వచ్చాయి, ఆంటీ నిద్రపోతోంది. ఈ దారిన వెళ్లదలచినవాళ్లకు నా సలహా ఏమంటే, నీళ్ల సీసా, టోపీ, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. గడ్డాలవాళ్లను నమ్మకండి. రైఫిల్‌ని ఎంత తేలిక చేసుకున్నా తగ్గించిన బరువు ఊరికే పోదు, ఇంట్లో ఎవరో ఒకరు మోస్తుంటారు.

రైల్లో అంకుల్ మళ్లీ నిలబడ్డారు. తుపాకీ క్లబ్బు బీరువాలోనే ఉంది, ఆయన చేతుల్లో ఏమీ లేదు. కానీ కుడిచేతి బొటనవేలు మాత్రం భుజం దగ్గర గాల్లో కొక్కెంలా వంచి పెట్టుకున్నారు, అక్కడ పట్టీ వేలాడుతున్నట్టు. చూపు ఎదుటి తలుపు మీద ఉన్న రైలు మార్గాల పటం దాటి ఎక్కడో కొండల్లో ఉంది. సెంబవాంగ్ దగ్గర ఆంటీ కళ్లు తెరిచి అది చూసింది. లేచి, తన చేతిసంచి తీసి, ఆ భుజానికి తగిలించింది. ఎర్ర సంచి, పూసల పట్టీ.

"ఎలాగూ ఖాళీగా ఉంది కదా. మొయ్యండి."

యీషున్‌లో దిగి వెనక్కి చూస్తే తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి అంకుల్, ఎర్ర సంచి పట్టీలో బొటనవేలు దూర్చుకుని, నిటారుగా, కొండెక్కుతూ వెళ్లిపోయారు. ప్లాట్‌ఫాం మెట్లు దిగుతుంటే నాకెందుకో వీపు బరువనిపించింది. చెయ్యి పెట్టి చూసుకునేలోపే ఫోన్ మోగింది.

"ఒరేయ్ అబ్బాయ్," అంది ఆంటీ, "మా రాత్రి అన్నం నీ వీపు మీద ఉంది. తర్వాతి రైలెక్కి వచ్చెయ్యి."